హాలోవెల్ వెనక సీటు

మిషిగన్‌లో ఎల్డన్ అనే చిన్న ఊళ్ళో పాత ఫైర్ స్టేషన్ ఒకటి ఉంది. అందులో ఒకే ఒక్క కారు ఉంది. ఆ కారు కోసమే దాన్ని మ్యూజియం అంటారు. నోవై నుంచి ముప్పావు గంట ప్రయాణం. హైవే దిగాక దారి ఒక సరస్సు ఒడ్డునే సాగుతుంది. పొద్దున పూట పొగమంచు నీళ్ళ మీద నుంచి లేచి రోడ్డు దాకా వచ్చి నిలబడుతుంది. వారానికి మూడు రోజులు సుమతి ఆ పొగమంచులోంచే పనికి వెళ్తుంది. కారు లోపలి సీట్లు, తలుపుల గుడ్డ, పైకప్పు లైనింగు, కుట్టవలసినవన్నీ కుట్టడం ఆమె పని.

ఆ కారు పేరు హాలోవెల్. ఎడ్విన్ హాలోవెల్ మొదట్లో పియానోలు చేసేవాడు. 1908లో పియానోలు ఆపేసి అదే షెడ్డులో, అదే వడ్రంగులతో కార్లు మొదలుపెట్టాడు. పియానోకి చేసినంత పనీ కారుకీ చేయించాడు. ఒక్కో కారుకి పద్దెనిమిది పూతల వార్నిష్. ప్రతి పూతా ఆరాలి, ఆరాక అరగదీయాలి, మళ్ళీ పూయాలి. కారు బయటికి వెళ్ళే రోజు ఆయన పేపరు పట్టుకుని వెనక సీట్లో కూర్చునేవాడట. సరస్సు చుట్టూ తిప్పి తీసుకురమ్మనేవాడు. దారిలో కుదుపులకి ఒక్క వాక్యం చదవలేకపోయినా కారు వెనక్కే. అలా తిప్పి పంపిన కార్లు, మళ్ళీ విప్పిన కార్లు, మళ్ళీ బిగించిన కార్లు. డెట్రాయిట్‌లో అప్పటికే ఒక పూటకి తయారయ్యేటన్ని కార్లు ఎల్డన్‌లో ఏడాదికి తయారయ్యేవి కావు. నాలుగేళ్ళు నడిచింది కంపెనీ. మొత్తం రెండు వందల పన్నెండు కార్లు. 1912 చలికాలంలో తలుపులు మూశాక ఆ షెడ్డులో ఊరగాయ దోసకాయలు సీసాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టారు. ఇప్పుడు అదీ లేదు. గడ్డి ఉంది.

రెండు వందల పన్నెండింటిలో మిగిలింది ముప్పై ఒకటో నంబరు కారు. ఉత్తరాన చెర్రీ తోటలో ఒక కొట్టంలో దొరికింది. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి.

సుమతిది చీరాల. బట్టల కొట్ల వీధిలో మేనత్త నాగరత్నానికి బ్లౌజులు కుట్టే చిన్న గది ఉండేది. బడి అయ్యాక సుమతి అక్కడే కూర్చునేది. పన్నెండో ఏట హుక్కులు, పద్నాలుగో ఏట చేతులు, పదహారో ఏట పూర్తి బ్లౌజు. అత్త పెద్దగా మాట్లాడేది కాదు. ఒక్క విషయంలో మాత్రం తప్పు జరిగితే ఊరుకునేది కాదు.

"పక్కకుట్టు ఒక్క వరసే వేశావేమే? మనిషి ఒక్కలాగే ఉంటుందా? రేపు కాన్పవుతుంది, ఎల్లుండి ఒళ్ళొస్తుంది. చోటు వదలాలి."

అందుకని పక్కల్లో బట్ట ఎక్కువ వదిలి, లోపల మూడు వరసలు కుట్టేవారు. ఒళ్ళొస్తే లోపలి వరస విప్పుకుంటే చాలు, రెండోది సిద్ధంగా ఉంటుంది. ఇంకా వస్తే మూడోది. సుమతి చేతులకి అది ఎంత అలవాటైందంటే, మూడు వరసలు పడ్డాక గానీ దారం తెంపబుద్ధయ్యేది కాదు.

గోపాల్‌తో పెళ్ళై 2009లో మిషిగన్ వచ్చింది. గోపాల్ ఇక్కడ కార్ల సీట్ల కంపెనీలో ఇంజనీరు. కంప్యూటర్‌లో సీటు బొమ్మ గీసి, కంప్యూటర్‌లోనే ఒక మనిషిని కూర్చోబెట్టి, ఫోమ్ ఎంత నొక్కుకుంటుందో లెక్కకడతాడు. సుమతిది డిపెండెంట్ వీసా, పని చేయకూడదు. తొలి చలికాలం కిటికీ దగ్గరే గడిచింది. మంచు పడటం చూసేది. ఆగడం చూసేది. మళ్ళీ పడటం చూసేది. రెండో చలికాలానికి కుట్టుమిషన్ కొన్నారు. అప్పటినుంచి నోవైలో, పక్క ఊళ్ళలో ఉన్న తెలుగువాళ్ళ బ్లౌజులు వాళ్ళ బేస్‌మెంట్‌లోకి దిగసాగాయి. డబ్బు తీసుకునేది కాదు. గోంగూర పచ్చడి సీసాలు, కరివేపాకు మొక్కలు, పాప పుట్టినప్పుడు పాత ఊయల, ఇలా వచ్చేవి. కొడుకు దగ్గరికి వచ్చి ఆరునెలలు ఉండి వెళ్ళే శేషమ్మగారు బ్లౌజు తిరగేసి చూసి అనేవారు: "మూడు వరసలు వేశావా అమ్మాయ్? బంగారం! ఇక్కడి చీజు ఊరికే పోతుందా మరి!"

పద్నాలుగేళ్ళ తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది. కార్డు మీద తన ఫొటో, తన పేరు. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టి వారం రోజులు అలాగే ఉంచింది. ఏం చేయాలో తెలియలేదు. కూతురు అనిక లైబ్రరీ నోటీస్ బోర్డు ఫొటో తీసుకొచ్చింది. "చేత్తో కుట్టగలిగినవారు కావాలి. పాత కారు. ఓపిక తప్పనిసరి."

"అమ్మా, ఇది నువ్వే," అంది అనిక. "ఓపిక పార్ట్ మాత్రం ఐ యామ్ నాట్ షూర్."

ఫైర్ స్టేషన్‌లో వెండెల్ కలిశాడు. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, పొడుగు, మాట నెమ్మది. నలభై ఏళ్ళు కార్ల సీట్లు కుట్టాడు. హాలోవెల్‌ని కొట్టంలోంచి లాక్కొచ్చిన వాళ్ళలో ఆయనొకడు. ఇప్పుడు చేతులు వణుకుతాయి. కప్పు పట్టుకుంటే సాసర్ మోగుతుంది. సూది పట్టుకోలేడు. సుమతి కుట్టిన బ్లౌజు తీసుకెళ్ళింది గానీ ఆయన దాన్ని చూడలేదు. సూది, దారం ఇచ్చాడు. ఆమె దారం ఎక్కించింది. "సోమవారం రండి, మిసెస్ సుమతి," అన్నాడు.

మొదటి నెల మొత్తం పాత సీటు విప్పడంతోనే సరిపోయింది. తోలు ఎండిపోయి ఆకులా విరిగేది. లోపల గుర్రపు వెంట్రుకలు, ఎలుకలు దాచుకున్న చెర్రీ గింజలు. పైకి తోలు గోధుమ రంగు. ఒక మడత విప్పితే లోపల ముదురాకుపచ్చ. ఎండ తగలని చోట నూట పదేళ్ళుగా ఆ పచ్చ అలాగే ఉంది. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే సరస్సు, చెట్లు, రోడ్డు పక్క గడ్డి, అన్నీ ఒకే మడతలోంచి బయటికి వచ్చినట్టు అనిపించాయి.

కంపెనీ పాత రికార్డు ఒకటి అద్దం పెట్టెలో ఉంది. వడ్రంగుల పేర్లు, వార్నిష్ వేసేవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. కుట్టు గది దగ్గర మాత్రం "అమ్మాయిలు, 11" అని రాసి ఉంది. అంతే. పనిలో ఉండగా సుమతికి ఒక్కోసారి ఆ గది కనబడేది. పొడుగు కిటికీలు, మైనం వాసన, పదకొండు తలలు వంగి ఉండటం. ఒకమ్మాయి మాత్రం తల ఎత్తి సరస్సు వైపు చూస్తూ ఉండేది. ఆ అమ్మాయి ముఖం ఎప్పుడూ కనిపించేది కాదు.

పాత సీటు ముందంచు మీద బొటనవేలంత వెడల్పున ఒక అల్లిక పట్టీ ఉంది. కంపెనీ క్యాటలాగ్‌లో అది లేదు. "ఎవరో రైతు తర్వాత వేయించి ఉంటాడు," అన్నాడు వెండెల్. "మనం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే చేస్తాం. పట్టీ వద్దు." పాత కవరుని పట్టీతో సహా సొరుగులో పెట్టారు.

కొత్త తోలు దొరకడం కష్టమైంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ముసలాయన పాత పద్ధతిలో ఊరబెట్టి, ఆ పచ్చ రంగు వేసి ఇచ్చాడు. ఆ తర్వాత దుకాణం మూసేశాడు. సరిగ్గా సరిపోయేంత తోలు. ఆగస్టు మూడో ఆదివారం కారుని సరస్సు ఒడ్డున పాత కార్ల ప్రదర్శనలో పెట్టాలి. హాలోవెల్ కారు ఒక ప్రదర్శనకి రావడం నూట పదేళ్ళలో అదే మొదటిసారి.

ఇంకా పదకొండు రోజులు ఉందనగా, బుధవారం, వెండెల్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. సుమతి ఒక్కతే ఉంది. సీటు పైముక్కని, ముందువైపు నిలువు ముక్కని కలిపి కుట్టింది. పొడుగైన కుట్టు, ఆ చివర నుంచి ఈ చివరికి. మధ్యాహ్నం ఎండ ఎత్తు కిటికీలోంచి బల్ల మీద పడింది. ఎక్కడో పడవ మోటారు చప్పుడు. చేతులు వాటంతట అవే నడిచాయి. కుట్టు పూర్తయి కవరు వెంట్రుకల దిండు మీద లాగితే మూలల్లో ముడత పడింది. బిగుతు. కాస్త వదలాలి. ఆమె కంగారు పడలేదు. లోపల చోటు ఉంది, రెండో వరస ఉంది, మూడోదీ ఉంది. లోపలి వరసని చిన్న కత్తితో ఒక్కొక్క కుట్టూ తెంపి దారం లాగేసింది. కవరు తిప్పి లాగింది. ముడత పోయింది.

అప్పుడు చూసింది.

కుట్టుకి పైన ఒక వరస రంధ్రాలు, కింద ఒక వరస రంధ్రాలు. సీటు ముందు భాగం ఈ చివర నుంచి ఆ చివర దాకా. బట్టయితే గోటితో రుద్దితే పోగులు కలిసిపోతాయి. ఇది తోలు. గోటితో రుద్దింది. తడి గుడ్డ పెట్టింది. రంధ్రాలు అలాగే ఉన్నాయి, నల్లగా, కళ్ళు తెరుచుకుని. "తోలు ఏదీ మర్చిపోదు. ఒకసారి గుచ్చితే గుచ్చినట్టే," అని వెండెల్ మొదటి వారంలోనే చెప్పాడు. ఆమె విని తల ఊపింది. కానీ చేతులు వినలేదు.

సీటు మీద దుప్పటి కప్పి, లైటు ఆర్పి, ఇంటికి వచ్చేసింది.

"ఏమైంది?" అన్నాడు గోపాల్, అన్నం దగ్గర.

చెప్పింది. అతను విని, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "మా ఆఫీస్‌లో అయితే దీన్ని డిజైన్ చేంజ్ అంటారు. ఒక మీటింగ్ పెడతారు, అయిపోతుంది."

"నవ్వులాటగా ఉందా మీకు?"

"లేదు సుమతీ. ఇరవై ఏళ్ళ నుంచి సీట్లు చేస్తున్నా, ఒక్క సీటుకీ నా చేత్తో చిల్లు పెట్టలేదు. నాకు తెలిసిందేముంది చెప్పడానికి?"

"అమ్మా, సారీ చెప్పెయ్," అంది అనిక. "సీటు కోసం ఎవరూ డిపోర్ట్ చేయరు."

"చేయరు. తీసేస్తారు."

అనిక వంగి తల్లి ప్లేట్లో అప్పడం పెట్టింది.

మర్నాడు సుమతికి పని లేదు. అయినా వెళ్ళింది. పాత తోలులో ఏదైనా ముక్క పనికొస్తుందేమో, అతుకు వేయొచ్చేమో అనుకుంది. సొరుగు లాగి పాత కవరు బల్ల మీద పరిచింది. గోధుమ రంగు, పగుళ్ళు, దేనికీ పనికిరాదు. ముందంచు మీద అల్లిక పట్టీ మాత్రం గట్టిగా ఉంది. దాన్నెవరూ విప్పి చూడలేదు. విప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె కత్తి మొనతో ఒక కొస లేపింది.

పట్టీ కింద తోలు పచ్చగా ఉంది. మడతలో దొరికిన పచ్చే. ఎండ ఒక్క రోజు కూడా తగలని పచ్చ. అంటే రైతు కొనకముందే, కారు ఫ్యాక్టరీ గుమ్మం దాటకముందే, ఆ పట్టీ అక్కడ ఉంది. ఇంకాస్త లేపింది. పచ్చ మీద రంధ్రాలు. కుట్టుకి పైన ఒక వరస, కింద ఒక వరస. దారం లేని రంధ్రాలు. ఎవరో కుట్టి, బిగుతు చూసి, విప్పి, మళ్ళీ కుట్టిన రంధ్రాలు.

సుమతి స్టూలు మీద కూర్చుంది. కిటికీ ఎండ బల్ల మీద నుంచి జారి నేల మీదికి వచ్చింది. పదకొండు మందిలో ఆ అమ్మాయి ఈసారి సరస్సు వైపు చూడటం లేదు. ఒళ్ళో ఉన్న సీటు వైపు చూస్తోంది. తర్వాత ఆ అమ్మాయి లేచింది. దారాల బుట్ట దగ్గరికి వెళ్ళింది. అల్లడం మొదలుపెట్టింది.

పట్టీ తిరిగి దాని చోట సర్దుతుంటే సుమతికి ఒక ఆలోచన వచ్చింది. రేపు వెండెల్‌కి ఈ పట్టీ సంగతి చెప్తే చాలు. ఇది ఫ్యాక్టరీదే, కొత్త సీటుకీ ఉండాలి అంటాడు. తను అల్లి వేస్తుంది. కింద ఏముందో ఎవరూ చూడరు. ఇంకో వందేళ్ళ దాకా చూడరు. అప్పుడైనా చూసేది తనలాంటిదే ఎవరో. ఆ ఆలోచన అందంగా ఉంది. ఇంటికి వెళ్తూ దారంతా దాన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది.

శుక్రవారం వెండెల్ కంటే ముందే వచ్చి కొత్త సీటు మీద దుప్పటి తీసేసింది. పైన లైటు వేసింది. పాత కవరుని సొరుగులోనే ఉంచింది.

వెండెల్ కోటు విప్పి కొక్కానికి తగిలించడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. తర్వాత బల్ల దగ్గరికి వచ్చాడు.

"ముందు ఇది చూడండి," అంది సుమతి. "నేను చేశాను."

ఆయన వంగాడు. వణికే వేలితో రంధ్రాల వరస వెంట ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాడు. గుడ్డివాళ్ళు చదివినట్టు.

"మూడు వరసలు ఎందుకు వేశారు?"

ఆమె బ్లౌజుల సంగతి చెప్పింది. అత్త మాట చెప్పింది. ఒళ్ళొస్తే విప్పుకోవడం చెప్పింది.

"అంటే ఈ సీటు లావెక్కుతుందనుకున్నారా, మిసెస్ సుమతి?"

"సీటు కాదు. కూర్చునేవాళ్ళు."

ఆయన ముక్కుతో చిన్నగా గాలి వదిలాడు. నవ్వో కాదో తెలియలేదు. "ఇంకో తోలు లేదు," అన్నాడు. "తెలుసుగా?"

"తెలుసు."

అప్పుడు సొరుగు లాగి పాత కవరు తెచ్చింది. పట్టీ కొస లేపి పట్టుకుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"కారు దొరికిన రోజు నుంచి అది రైతు వేసిన పట్టీ అని చెప్తున్నాను," అన్నాడు. "కారు పక్కన బోర్డు మీద అచ్చు వేయించాను. బడిపిల్లలకి చెప్పాను." పట్టీ వైపు చూసి అన్నాడు: "దీన్నే మీరు ముందు చూపించి ఉండొచ్చు. కొత్త సీటు రంధ్రాల సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"నిన్న సాయంత్రం దాకా అలాగే అనుకున్నాను."

"మరి?"

సుమతి అద్దం పెట్టె వైపు చూసింది. "ఆ అమ్మాయికి చెప్పడానికి ఎవరూ లేరేమో," అంది. "నాకు మీరున్నారు."

మ్యూజియం కమిటీ అంటే అయిదుగురు. ఆ సాయంత్రమే వెండెల్ అందరినీ పిలిచాడు. తాను చెప్తానన్నాడు. సుమతి ఒప్పుకోలేదు, తనే చెప్పింది. ఒకావిడ చాలాసేపు నిట్టూర్చింది. ఒకాయన మాత్రం సూటిగా అడిగాడు: ఇంకెవరినైనా పిలిపిస్తే ఎలా ఉంటుంది? వెండెల్ తన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. అవి ఊగుతుంటే అందరూ చూశారు. "పిలిపించండి," అన్నాడు. "కానీ తను చేసిన తప్పుని లైటు వేసి చూపించే మనిషి ఇంకెవరైనా దొరుకుతారేమో ముందు వెతకండి." ఎవరినీ పిలిపించలేదు.

పట్టీ అల్లడానికి అయిదు రోజులు పట్టింది. పాతదాని ఒక కొస విప్పి లెక్కపెడితే ఏడు పాయలు. నార దారానికి మైనం పట్టించింది. చీర కుచ్చులు కట్టిన చేతికి ఏడు పాయలు కష్టం కాదు. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర అనిక ఒక కొస పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చూస్తూ కూర్చునేది.

"గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నా అమ్మా. నా జడ కూడా ఇలాగే పీకేదానివి."

అల్లుతూ ఉంటే ఒకచోట ఆ అమ్మాయి అల్లిక, తన అల్లిక ఎక్కడ వేరో సుమతికి తెలియలేదు. పాతదాన్ని పక్కన పెట్టుకుని చూస్తే తెలిసింది. ఆ అమ్మాయిది కొంచెం బిగుతు. భయంతో అల్లింది.

కారుకి చేసిన ప్రతి పనీ దాని రికార్డులో రాయాలి. వెండెల్ పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. సుమతి ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో రాసింది. వెనక సీటు ముందంచులో అదనపు సూది రంధ్రాలు ఉన్నాయి, అవి మరమ్మతు చేసిన మనిషి పొరపాటు, వాటి మీద మొదటి సీటుకి ఉన్నటువంటి పట్టీ వేయడమైంది. కింద తన పూర్తి పేరు రాసింది. అమెరికాలో తను చేసిన పని పక్కన తన పేరు ఉండటం అదే మొదటిసారి. తప్పు పక్కన ఉంది. కాసేపు దాన్ని చూసి, సిరా ఆరనిచ్చి, పుస్తకం మూసింది.

ప్రదర్శనకి ముందు రోజు, శనివారం పొద్దున, కారు బయటికి తీశారు. మెకానిక్ ముందు కూర్చున్నాడు. వెండెల్ వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు.

"ఎక్కండి, మిసెస్ సుమతి. ఎవరో ఒకరు కూర్చోకుండా ఇది బయటికి వెళ్ళకూడదు. కంపెనీ రూలు."

ఇద్దరూ వెనక కూర్చున్నారు. తోలు చల్లగా ఉంది. మోకాళ్ళ కింద పట్టీ ఒత్తుకుంది, మెత్తగా. కారు గరగరమంటూ కదిలి, రోడ్డెక్కి, సరస్సు వైపు తిరిగింది. పొగమంచు ఇంకా విడిపోలేదు. చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, పక్కనుంచి నడిచి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోతున్నాయి.

వెండెల్ కోటు లోపల్నుంచి ఆ రోజు పేపరు తీశాడు. విప్పి పట్టుకున్నాడు. కాగితం గలగలమంది, అక్షరాలన్నీ ఊగాయి. ఆయన ఒక నిమిషం అలాగే చదవడానికి చూశాడు. తర్వాత పేపరుని ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇది కారు తప్పో, నా తప్పో నాకు తెలియడం లేదు," అన్నాడు. "మీరు చూడండి."

సుమతి పేపరు ఎత్తి పట్టుకుంది. చేతుల కిందగా రోడ్డు కదులుతోంది, నీళ్ళు కదులుతున్నాయి. అక్షరాలు కదలడం లేదు. వాతావరణం గురించి ఉంది, ఊరి బడి గురించి ఉంది. ఆమె గొంతు సవరించుకుని, తన ఇంగ్లీషులో, పైకి చదవడం మొదలుపెట్టింది. వెండెల్ కళ్ళు మూసుకుని విన్నాడు. కారు సరస్సు చుట్టూ తిరిగి మళ్ళీ ఫైర్ స్టేషన్ గుమ్మం ముందుకి వచ్చేదాకా ఒక్క వాక్యం దగ్గర కూడా ఆమె ఆగలేదు.